కొసరు నారు

మిషన్ మొదలైన రోజు ప్రవీణ్ చేతిలో ఉన్నవి ఇవి: 'నారు సేటు' అనే మారుపేరు, శామీర్‌పేట రోడ్డు మీద ఒక టమాట నర్సరీ, పెన్నులో దాచిన టెస్ట్ స్ట్రిప్పులు. పిస్టల్ కూడా ఉంది గానీ, నారు అమ్మే పనిలో దానికి గిరాకీ తక్కువ.

పేట్ బషీరాబాద్‌లో టైర్ల షాపు వెనక గదిలో చీఫ్ బ్రీఫింగ్ క్లుప్తంగా ముగించాడు.

"కొత్త బ్యాక్టీరియా. ఈ మధ్యే గుర్తించారు. మొక్క పచ్చగా ఉండగానే తల వాల్చేస్తుంది. ఒక విదేశీ ముఠా సీడ్ కంపెనీ ముసుగులో దీన్ని నారుతో పంపుతోంది. పంట పోయాక మందు అమ్మేదీ వాళ్ళే. ఏ సరుకులో వస్తోందో పట్టుకో."

"లోపల మనవాళ్ళు?"

"రక్షిత. వాళ్ళ సేల్స్ మేనేజర్. మనకూ పనిచేస్తుంది, వాళ్ళకూ పనిచేస్తుంది. వాడుకో, నమ్మకు."

కంపెనీ నుంచి వచ్చిన ప్రతి లోడ్‌నూ ప్రవీణ్ పరీక్షించాడు. స్ట్రిప్ మీద రెండో గీత పడితే రోగం ఉన్నట్టు. ఎక్కడా పడలేదు.

ఒక పొద్దున లాల్‌గడి మలక్‌పేట్ నుంచి సిద్దమ్మ వచ్చింది. ఉన్న ఎకరమంతా అతని నారే నాటిన మనిషి. చేతిలో వాడిన మొక్క.

"ఏంది సేటూ గిది? పైసలిచ్చి కొన్న నారు మంచిగనే ఉంది. నువ్వు పాయిరంగ ఇచ్చిన కొసరే వాడిపోతాంది."

ప్రవీణ్ ఆ మొక్కను అందుకున్నాడు. నారు కొన్నవాళ్ళకు గుప్పెడు మొక్కలు ఊరికే ఇవ్వడం ఆనవాయితీ. అందుకోసం కంపెనీ స్కీం కింద వేరే ట్రేలు పంపేది. బిల్లులో లేని సరుకని అతను వాటిని పరీక్షించలేదు. కొసరును ఏ వ్యాపారీ తూకం వేయడు.

కాండం కోసి గ్లాసు నీళ్ళలో వేలాడదీశాడు. కోసిన చోటి నుంచి పాలలాంటి సన్నని దారం కిందికి జారింది. స్ట్రిప్ మీద రెండో గీత పడింది.

ఆ మొక్కలు ఇచ్చింది తన చెయ్యే.

రక్షితకు ఫోన్ చేశాడు. "కొత్తిమీర కట్ట ఎంత?"

"ఎండాకాలం రేటే." అంటే మాట్లాడొచ్చు.

"స్కీం ట్రేలు ఎక్కడ?"

"మేడ్చల్ గోడౌన్‌లో. వ్యాన్లు కదలబోతున్నాయి. జిల్లాలన్నిటికీ."

చీఫ్‌కు కబురు పెట్టి అతను చేరేసరికి గేటు తెరుచుకుంటోంది. నల్లకళ్ళద్దాలు, పట్టుచీర, చేతిలో బుల్లి పిస్టల్‌తో రక్షిత గేటు పక్కన నిలబడి ఉంది. పిస్టల్ గురి అతని మీదే.

"నీకు ముందే తెలుసా?"

"నువ్వు లోడ్ గురించి అడిగావు. కొసరు గురించి అడగలేదు."

దూరంగా పోలీసు సైరన్. రక్షిత అటు చెవిపెట్టి ఒక్క క్షణం లెక్క వేసుకుంది. మొదటి వ్యాన్ ముందు చక్రాలు గేటు దాటుతుండగా పిస్టల్ తిప్పి టైరును కాల్చింది. వ్యాన్ గేటుకు అడ్డంగా కూలబడింది. వెనకవన్నీ ఆగిపోయాయి.

"ఇది నా కొసరు," అంది.

ముఠా దొరికింది. మిగిలింది సిద్దమ్మ చేను.

"నీళ్ళతోని రోగం అన్ని సాళ్ళకు పారిందక్కా. మొత్తం పీకి కాలబెట్టాలె."

ఆమె కొంగు నడుముకు దోపి సాలులోకి దిగింది. "నీ తప్పేముంది సేటూ. మంచిగనే ఇస్తివి."

తను ఎవరో చెప్పడానికి ఉద్యోగం ఒప్పుకోదు. ప్రవీణ్ వంగి ఆమెతో పాటు మొక్కలు పీకాడు.

నర్సరీ మూసేయమని చీఫ్ చెప్పినా అతను మరో పంట దాకా ఆగాడు. సిద్దమ్మ మళ్ళీ వచ్చింది. ప్రతి ట్రేనూ పరీక్షించి ఇచ్చాడు. పైన గుప్పెడు మొక్కలు తీయబోతే ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"కొసరొద్దు సేటూ."

మిషన్ మొత్తానికి ప్రవీణ్ లెక్కలో మిగిలింది అదే: కొసరు వద్దనే గిరాకీ ఒకటి.