నాలుగు వందల పన్నెండు సాక్ష్యాలు

అంగారకుడి మీది అరుణనగరం బడిలో "ఇది నిజమేనా టీచర్?" అని పిల్లలు అడగడం మానేసి ఇరవై ఏళ్లయింది. అడగాల్సిన పని లేదు. పలక మీద ఏ పేజీ తెరిచినా పక్కన ఒక అంకె వెలుగుతుంది. ఆ అంకె వేసే యంత్రం పేరు సాక్షిణి. ఒక విషయాన్ని ఎన్ని సైట్లు చెబుతున్నాయి, ఆ సైట్లను ఎంతమంది నమ్ముతున్నారు అన్నది క్షణంలో కూడి, నూటికి ఇంత అని విశ్వాసాంకం ఇస్తుంది. తొంభై దాటితే ప్రాజెక్టులో రాసుకోవచ్చు. పది లోపు వస్తే పలక ఒప్పుకోదు.

తొమ్మిదో తరగతి షమీమ్ 2069 నాటి ఆక్సిజన్ ప్లాంటు ప్రమాదం మీద ప్రాజెక్టు మొదలుపెట్టింది. పదకొండు మంది ఊపిరాడక పోయిన ప్రమాదం అది. కారణం ఊరంతటికీ తెలుసు. డ్యూటీలో ఉన్న పైడితల్లి అనే ఆపరేటరు ఏడో వాల్వు మూయడం మరిచిపోయింది. నాలుగు వందల పన్నెండు పేజీలు అదే మాట చెప్పాయి. విశ్వాసాంకం తొంభై ఎనిమిది.

ఇంకా వెతికితే పైడితల్లి చేత్తో రాసిన డ్యూటీ పుస్తకం కనబడింది. "ఆరు వాల్వులూ మూశాను. పైపు సీలు పగిలింది. మూడుసార్లు ఫోన్ చేశాను, ఎవరూ ఎత్తలేదు." విశ్వాసాంకం నాలుగు.

ఆరా, ఏడా?

ప్లాంటును ప్రమాదం తరవాత ఎవరూ ముట్టుకోకుండా మ్యూజియంగా ఉంచేశారు. షమీమ్ పలక మూసేసి అక్కడికి నడిచి వెళ్లింది. పైపుల వెంట వంగి, పాకి, వేళ్లు మడిచి లెక్కపెట్టింది. ఆరే. గోడ మీది అసలు నక్షాలోనూ ఆరే. ప్రాజెక్టులో అదే రాసింది.

సైన్సు ప్రదర్శనకు న్యాయనిర్ణేతగా సాక్షిణిని తయారుచేసిన డాక్టర్ నీలవేణి వచ్చింది. ఆమె ఆ బడి పాత విద్యార్థిని.

"నీ ప్రాజెక్టును సాక్షిణి ఒప్పుకోలేదు కదమ్మా," అంది.

"దాన్నే రెండు ప్రశ్నలు అడగనా మేడమ్?"

నీలవేణి నవ్వి, అడగమంది.

"సాక్షిణీ, ఈ నాలుగు వందల పన్నెండు పేజీలు రాసినవాళ్లలో ప్రమాదాన్ని కళ్లారా చూసినవాళ్లెందరు?"

"అది లెక్కించమని నన్నెవరూ అడగలేదు," అంది యంత్రం. "ఇప్పుడు లెక్కించాను. సున్నా."

"మరి ఏడో వాల్వు మాట ఎక్కడ పుట్టింది?"

"ఒకరి నుంచి ఒకరు ఎత్తి రాసుకున్నారు. అన్నీ ఒక్క పేజీ దగ్గరికే చేరుతున్నాయి. 2071లో ఈ బడి సైటులో పెట్టిన ఏడో తరగతి ప్రాజెక్టు. రాసినవారు నీలవేణి."

తయారుచేసినావిడ ఒక్క మాటంటే యంత్రం ఆగిపోతుంది. నీలవేణి పెదవులు ఆ మాట కోసం కదిలాయి కూడా. కానీ ఆమె వేదిక ఎక్కింది.

"విచారణ నివేదికలో కారణం తెలియదని ఉంది," అంది. "కారణం రాయకపోతే మార్కులు రావని నేనే ఒకటి కల్పించాను. డ్యూటీ పట్టికలో కనబడిన పేరు తగిలించాను. మొదటి బహుమతి వచ్చింది. తరవాత అందరూ అదే అంటుంటే నాకూ అదే నిజమైపోయింది. నేను చేసిన యంత్రం అచ్చం నాలాంటిదే. పదిమంది అంటే చాలు, నమ్మేసింది."

బంగారు పతకం షమీమ్ మెడలో వేసింది.

నెల తిరక్కుండా సాక్షిణిలో అంకెలు పోయాయి. ఇప్పుడది ఏ పేజీ పక్కనైనా ఎవరు చూశారు, ఎక్కడ మొదలైంది అని అడుగుతుంది, అంతే.

డెబ్భై ఏడేళ్ల పైడితల్లిని బడికి పిలిచారు. నలభై మూడేళ్లుగా జనానికి దూరంగా, ఊరి చివర కూరగాయల గాజుతోటలో పనిచేసుకుంటున్న మనిషి. ఆమె లోపలికి రాగానే మూడువందల మంది పిల్లలు లేచి చప్పట్లు కొట్టారు. నీలవేణి తన కాళ్ల మీద పడబోతే పైడితల్లి పట్టుకుని ఆపింది. కొంగుతో కళ్లు తుడుచుకుని పిల్లల వైపు తిరిగింది.

"చప్పట్లు దేనికర్రా? ఈ పిల్ల సెప్పిందనా? మొన్నటి దాకా ఇంకెవరో సెప్తే నన్ను తిట్టారు. నా పుస్తకమైనా నేను రాసుకున్న మాటే కదా! పదండి, సీలు ఎక్కడ పగిలిందో సూపిస్తాను. సూసినాక కొడుదురు."

ముందు పైడితల్లి, పక్కన షమీమ్, వెనక కేకలు వేస్తూ బడంతా ప్లాంటు దారి పట్టింది.