చెయ్యి పెడుతున్న

వెనక బొలెరో వస్తోంది.

సుహాసిని అద్దంలోకి చూస్తుంది. ఒక లైటు తెలుపు, ఒక లైటు పసుపు. నారాయణఖేడ్ బస్ డిపో దాటినప్పుడు కనబడ్డవి ఈ లైట్లే.

స్కూటీ స్పీడు పెంచుతుంది.

లైట్లు కూడా స్పీడు పెంచాయి!

కంగ్టి రోడ్డు. పొద్దు గూకింది కానీ పూర్తిగా చీకటి పడలేదు. రెండు పక్కలా కంది చేలు. గుంతల్లో బండి ఎగిరెగిరి పడుతోంది.

భయం వేయాలి. వేయడం లేదు. వారం నుంచీ ఆమెకు ఏదీ తగలడం లేదు. అన్నం తింటే రుచి తెలియదు. ఏడుద్దామంటే ఏడుపు రాదు. లోపల ఎక్కడో మొద్దుబారిపోయింది.

చెవిలో మాత్రం ఒక్క మాట తిరుగుతోంది. ఇందాక నీలమ్మ ఫోన్‌లో అన్న మాట.

"మేడం, డబ్బాల నంబర్ ఉన్నది. మా ఆయన చెయ్యి పెట్టినప్పుడు మోటర్ నడిపినోళ్ల నంబర్. నువ్వొక్కదానివే రా. జల్దీ రా."

ఆ డబ్బా సుహాసిని కంపెనీదే. పిలుపు టెక్నాలజీస్ తయారు చేసేది అదొక్కటే... సిమ్ కార్డున్న మోటర్ స్టార్టర్. బోరు దగ్గర స్తంభానికి బిగిస్తారు. రైతు ఇంట్లో కూర్చుని డబ్బాకు ఫోన్ కొడితే చేన్లో మోటర్ నడుస్తుంది. మళ్లీ కొడితే ఆగుతుంది.

నీలమ్మ మొగుడు కిష్టప్ప ఆ కంపెనీకి మొట్టమొదటి మెకానిక్. కాదు, మెకానిక్ అంటే సుహాసిని ఒప్పుకోదు. పార్ట్‌నర్. ఊరికొక మెకానిక్‌ని వెతికి పట్టుకుంది, లాభంలో వాటా ఇచ్చింది, వీపు మీద పార్ట్‌నర్ అని అచ్చు వేయించి నీలం చొక్కాలు కుట్టించింది. హైదరాబాద్ కంపెనీల వాళ్లు నవ్వారు. నవ్విన వాళ్లే తర్వాత వచ్చి డబ్బా ఎట్లా అమ్ముడుపోతోందని అడిగారు.

రేపు వాళ్లలో అందరికన్నా పెద్ద ఫోన్ కంపెనీతో ఒప్పందం. సంతకం పడితే డబ్బా రాష్ట్రమంతా పోతుంది.

కిష్టప్ప మాత్రం పోయిన వారం తన చేన్లోనే తీగ పట్టుకుని చనిపోయాడు. ప్రమాదం అని రాసేశారు. ఫ్యూజు తియ్యకుండా తీగ ముట్టుకున్నాడు, తప్పు అతనిదే అన్నారు.

ఎవరు తీస్తారు ఫ్యూజు? అది ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఉంటుంది. రెండు చేన్ల అవతల. అందుకే పార్ట్‌నర్లకు ఒక అలవాటు పడింది. మోటర్ బంద్ చేస్తారు. ఆఫీసుకు ఫోన్ చేసి "చెయ్యి పెడుతున్న" అంటారు. ఇక ఆ డబ్బాకు ఎవరూ ఫోన్ కొట్టకుండా చూసుకోవడం ఆఫీసు పని. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా ఆ మాట తప్పలేదు.

పోయిన వారం ఎవరో కొట్టారు.

ఆ నంబర్ చేతికి రాకపోతే కిష్టప్ప చావు ప్రమాదంగానే మిగిలిపోతుంది. అది తెలియకుండా రేపు సంతకం పెట్టేది లేదు. మొద్దుబారిన ఆ మనసులో గట్టిగా ఉన్న సంగతి అదొక్కటే.

బొలెరో దగ్గరికి వచ్చేసింది!

సుహాసిని లైటు ఆపేస్తుంది. హ్యాండిల్ ఎడమకు కొడుతుంది. స్కూటీ బండ్లబాటలోకి దూకి, నాలుగు అడుగులు పోయి, పక్కకు ఒరిగి పడిపోతుంది.

మోకాలు చీరుకుపోయింది. నెత్తురు కారుతోంది. నొప్పి తెలియడం లేదు.

పాకుతూ కంది సాళ్లలోకి పోతుంది. బొలెరో రోడ్డు మీద ఆగింది. ఇంజను ఆగలేదు.

అప్పుడే ఫోన్ వణికింది.

నందీశ్వర్.

ఆమెతో కలిసి కంపెనీ పెట్టినవాడు. తాతల కాలంలో కర్ణాటక నుంచి వచ్చి ఖేడ్‌లో కందుల వ్యాపారం చేసిన ఇంటి వాడు. ఆమె డబ్బా తయారు చేస్తే, అతను అమ్మాడు. ఆమెకు అన్న లేని లోటు తీర్చినవాడు అని ఆమె తల్లి ఇప్పటికీ అంటుంది.

"ఎక్కడున్నవ్ సుహాసిని?" తాపీగా అడుగుతాడు.

"ఇంట్ల." ఎందుకు అబద్ధం చెప్పిందో ఆమెకే తెలియదు.

"మంచిగైంది. పొద్దుగాల జల్దీ పోవాలె. ఫోన్ కంపెనీ స్టాన్లీ సార్‌కు టైమంటే టైమే. ఇగ ఏం పరేషాన్ గాకు, పడుకో."

రోడ్డు మీద లారీ ఒకటి పోతోంది. పాటలా మోగే హారన్ కొడుతూ పోతోంది.

అదే హారన్... ఫోన్‌లో కూడా మోగింది!

సుహాసిని ఫోన్ కట్ చేస్తుంది.

బొలెరోలో ఉన్నది నందీశ్వర్.

అయితే డబ్బాకు ఫోన్ కొట్టిందీ అతనే. ఇంకెవరు? చచ్చిపోయే ముందు రోజు కిష్టప్ప ఆఫీసుకొచ్చి ఏమన్నాడో ఆమెకు గుర్తుంది. "మేడం, వాన పడ్డంక డబ్బా ఖరాబ్ అయితుంది. ఎవరన్న రాంగ్ నంబర్ కొట్టినా మోటర్ నడుస్తుంది. ఎవనికన్న పాణం మీదికొస్తది. గా హైదరాబాద్ సారుకు నేనే చెప్త."

ఒప్పందం అయినంక బాగు చేద్దాం అని ఆమె అంది. నేను మాట్లాడతలే అని నందీశ్వర్ అన్నాడు. బాగానే మాట్లాడాడు.

లేస్తుంది. పరుగెత్తుతుంది. కంది మండలు మొహానికి కొడుతున్నాయి. ఒక చెప్పు ఎక్కడో ఊడిపోయింది. వెనక బొలెరో తలుపు పడిన చప్పుడు. టార్చి వెలుగు సాళ్ల మీద అటూ ఇటూ తిరుగుతోంది.

చేను దాటితే కిష్టప్ప పొలం. పత్తి ఎండి నేలకు వాలిపోయింది. స్తంభానికి తెల్ల డబ్బా. దాని మీద చిన్న ఎర్ర లైటు.

స్తంభం దగ్గర నీలమ్మ కూర్చుని ఉంది. చీర మీద మొగుడి నీలం చొక్కా తొడుక్కుంది. పార్ట్‌నర్ అన్న అక్షరాలు మసకచీకట్లో కూడా కనబడుతున్నాయి.

"వచ్చినవా."

"నీలమ్మా, నందీశ్వర్ వస్తుండు. డబ్బా కోసమే వస్తుండు. నంబర్ జల్దీ చూపెట్టు."

నీలమ్మ తొందరపడదు. డబ్బాను చూపిస్తుంది.

"వారం నుంచి మోటర్ నడపలే. పత్తి ఎండినా నడపలే. ఇంకో ఫోన్ కొడితే గా నంబర్ పోతదని. కింది తీగలు ముట్టుకోకు. మా ఆయన చెక్కు తీసిన కాడ గట్లనే ఉన్నయ్."

డబ్బా కింద నుంచి మూడు తీగలు బోరులోకి దిగుతున్నాయి. మధ్యలో తోలు ఒలిచి ఉంది. దాని మీద ఎవరో ప్లాస్టిక్ కవరు చుట్టి వదిలేశారు.

"లైన్‌ల కరెంట్ ఉన్నదా?"

"లైన్‌మన్ ఫ్యూజు తీసిండు. పోలీసోళ్లు పోయినంక మల్ల పెట్టి పోయిండు. ఎర్ర బటన్ ఒత్తు."

ఎర్ర బటన్ నొక్కి పట్టుకుంటే చివరిసారి ఫోన్ చేసిన నంబర్‌ను డబ్బా చదివి వినిపిస్తుంది. ఆ గొంతు కూడా సుహాసినిదే. బయటి వాళ్లతో రికార్డు చేయిస్తే ఖర్చని, ఒక మధ్యాహ్నం ఆఫీసు తలుపులు మూసుకుని సున్నా నుంచి తొమ్మిది దాకా, మోటర్ ఆన్, ఆఫ్ అనే మాటలతో సహా తనే చదివింది.

నొక్కుతుంది.

"తొమ్మిది..." డబ్బా మొదలుపెట్టింది. "ఎనిమిది... నాలుగు..."

వింటోంది. నందీశ్వర్ నంబర్ తొమ్మిది ఏడుతో మొదలవుతుంది.

ఇది కాదు.

"...సున్నా... రెండు... రెండు..."

తెలిసిన నంబరే. ఎవరిది? రోజూ రాస్తుంది, రోజూ చెబుతుంది. విజిటింగ్ కార్డు మీద...

డబ్బా చివరి అంకె చదివి ఆగిపోయింది.

ఆమె గొంతు చదివింది. ఆమె నంబర్!

"నాకు తెల్సు," అంటుంది నీలమ్మ. "నా ఫోన్ల నీ పేరుతోనే ఉన్నది. ఆ పొద్దు రొట్టెలు చేస్తున్న. డబ్బా నుంచి ఫోనొచ్చింది. మోటర్ ఆన్ అయిందని నీ గొంతే చెప్పింది. కరెంట్ మంచిగున్నదనుకున్న, మల్ల రొట్టెలే చేసుకున్న. ఎందుకు సంపినవని అడుగుదామని పిలిచిన. నీ ముఖం జూస్తే... నీకే ఎరుక లేనట్టున్నది."

సుహాసిని స్తంభానికి ఆనుకుంటుంది.

పోయిన వారం. హైదరాబాద్. ఏసీ హాలు. ఎదురుగా స్టాన్లీ, అతని కంపెనీ వాళ్లు. నాయకత్వం గురించి ఆమె మాట్లాడుతోంది. ఊళ్లో నాయకత్వమంటే ఏమీ లేదు సార్, పార్ట్‌నర్ ఫోన్ చేస్తే ఎత్తడమే అంది. అందరూ నవ్వారు. అప్పుడే ఆమె ఫోన్ మోగింది.

కిష్టప్ప.

కట్ చేసింది. మాట మధ్యలో ఉంది మరి.

కాసేపటికి డెమో. నందీశ్వర్ ఆ ఫోన్‌లో ఏదో సరిచేసి ఆమెకు అందించాడు. "డెమో అనే పేరు ఒత్తు. మనూర్ చేన్ల నీళ్లు పడతయ్." ఆమె నవ్వుతూ నొక్కింది. తెర మీద పైపులోంచి నీళ్లు దూకాయి. చప్పట్లు మోగాయి.

ఆ చప్పట్లలో కిష్టప్ప పోయాడు.

టార్చి వెలుగు మొహం మీద పడింది.

"ఇంట్ల ఉన్న అంటివి కద," అంటాడు నందీశ్వర్.

ఆయాసపడుతున్నాడు. బూట్లకు మట్టి. ఒక చేతిలో టార్చి, ఇంకో చేతిలో కత్తి.

"వీడియో ముందురోజుదా?" సుహాసిని అడుగుతుంది. గొంతులో కోపం లేదు. కోపం ఎక్కడుందో వెతుక్కోవాలనిపిస్తోంది.

"అవు."

"కిష్టప్ప నీకు ఫోన్ చేసిండు."

"నువ్వు కట్ చేస్తే నాకు చేసిండు. చెయ్యి పెడుతున్న అన్నడు. సరే పెట్టు అన్న." భుజాలు ఎగరేస్తాడు. "వాడొక్కడు నోరు తెరుస్తే అంత కొట్టుకపోతుండె. నువ్వు కష్టపడ్డది గూడ. ఫోన్ ఇటియ్యి."

ఆమె ఇవ్వదు. అతనే చేతిలోంచి లాక్కుంటాడు. స్విచ్ ఆఫ్ చేసి జేబులో వేసుకుంటాడు.

"నంబర్ నీది. గొంతు నీది. వేలు నీది. డెమో పేరు కింద వాని డబ్బా నంబర్ పెట్టిన, గంతే. ఇప్పుడు మనం నిజంగ పార్ట్‌నర్లం. రేపు సంతకం పెడతవ్. గీ డబ్బా ఇయ్యాలనే మంజీర ఏట్లకు పోతది."

"పెట్టను."

"సాకు. ఇగ చాలు. పెడతవ్." కన్నడం, తెలుగు కలిపి కసురుతాడు. "పెట్టకుంటె జైలుకు నువ్వే ముందు పోతవ్. నీలమ్మా, పక్కకు జరుగు."

నీలమ్మ జరుగుతుంది. సుహాసిని వెనకకు వచ్చి నిలబడుతుంది. నందీశ్వర్ మళ్లీ ఆమె వైపు చూడడు. పార్ట్‌నర్ల లెక్కలో మెకానిక్‌లనే అతనెప్పుడూ వేసుకోలేదు. మెకానిక్ పెళ్లాం ఏం గుర్తుంటుంది?

టార్చి పళ్ల మధ్య కరిచి పట్టుకుని, డబ్బా మేకులు కదిలిస్తాడు. పైది ఊడింది. కింది తీగలు పట్టుకుని ఉన్నాయి. టార్చి తీసి అడుగుతాడు.

"మోటర్ బందే కద?"

"బందే," అంటుంది సుహాసిని.

నిజమే చెప్పింది.

"మోటర్ బంద్ ఉంటె కింది తీగలల్ల కరెంట్ రాదు. కిష్టప్పనే చెప్పిండు." కాస్త నవ్వుతాడు. తన ఫోన్ జేబులో ఉంది. సుహాసిని ఫోన్ జేబులో ఉంది. ఇంకెవరు కొడతారు?

మూడు తీగలూ ఒక్క గుప్పిట్లో పట్టుకుంటాడు. ప్లాస్టిక్ కవరు జారి కింద పడింది. కత్తి ఆనించాడు.

సుహాసిని చెవి దగ్గర నీలమ్మ మెల్లగా అంటుంది.

"చెయ్యి పెట్టిండు మేడం."

ఆఫీసుకు ఫోన్‌లో చెప్పినట్టే చెప్పింది. అంతే మామూలుగా.

సుహాసిని తల తిప్పుతుంది. నీలమ్మ చేతిలో చిన్న బటన్ ఫోన్ వెలుగుతోంది. డబ్బాలో అన్నిటికన్నా ముందు ఎక్కించిన నంబర్ రైతుదే. ఆ నియమం పెట్టింది సుహాసినే.

నీలమ్మ ఆమె మొహంలోకి చూస్తోంది. బొటనవేలు బటన్ మీద ఉంది. నొక్కలేదు. అడుగుతోంది.

వద్దు అనాలి. ఒక్క మాట చాలు. పార్ట్‌నర్ చెప్పాక చూసుకోవాల్సింది ఆఫీసే.

సుహాసిని నోరు తెరుస్తుంది.

గొంతు రాలేదు.

నీలమ్మ ఇంకాస్త సేపు ఆగింది. తర్వాత కళ్లు దించుకుంది.

డబ్బా మీద ఎర్ర లైటు ఆరిపోయింది. పచ్చ లైటు వెలిగింది. టార్చి కింద పడింది. దాంతో పాటు ఏదో బరువుగా...

పైపు రెండుసార్లు దగ్గింది. ఎండిన పత్తి మీద నీళ్లు దూకాయి.

నీలమ్మ చేతిలో ఫోన్ మోగింది. ఎత్తి, స్పీకర్ పెట్టింది.

అందులోంచి సుహాసిని గొంతు వచ్చింది. చల్లగా, స్పష్టంగా, మర్యాదగా.

"మోటర్ ఆన్ అయింది. ధన్యవాదాలు."