పన్నెండు ముడులు

బ్లాక్ హోల్ అంటే ఆకాశంలో ఉన్న పెద్ద వాక్యూమ్ క్లీనర్. అది దగ్గరున్నవాటినీ దూరంగా ఉన్నవాటినీ వదలకుండా పీల్చేసుకుంటుంది. ఏదో ఒకరోజు మనల్నీ పీల్చేసుకుంటుంది. ఈ సంగతి ఆరో తరగతిలో అందరికీ తెలుసు.

మంగళవారం చివరి పీరియడ్‌లో వాళ్లు దాన్ని కళ్లారా చూశారు కూడా.

సైన్సు ప్రదర్శన శుక్రవారం. ఆ రోజు రిహార్సల్. మోటారు తన నల్లటి అట్టపెట్టెను బల్ల మీద పెట్టింది. ఇంటా బయటా ఆ అమ్మాయిని మోటారు అనే పిలుస్తారు. మాట్లాడటం మొదలుపెడితే ఆపే స్విచ్ ఎక్కడుందో ఎవరికీ తెలియదు మరి. పెట్టెలో, అమ్మ రిపేరు షాపు నుంచి తెచ్చిన పాత వాక్యూమ్ క్లీనర్ ఉంది. పెట్టె ముందు గుండ్రటి రంధ్రం ఉంది.

మోటారు స్విచ్ నొక్కింది. బల్ల మీది కాగితపు గ్రహాలు ఒక్కొక్కటే గిరుక్కున తిరిగి రంధ్రంలోకి మాయమయ్యాయి. చివరికి నీలం రంగు భూమి కూడా పోయింది.

క్లాసంతా చప్పట్లు కొట్టింది.

"మొదటి బహుమతి మనదే," అంది ఆమె స్నేహితురాలు.

అక్కతో కలిసి ఇంటికి వెళ్లాలని తమ్ముడు గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు. వాడు రెండో తరగతి. వాడు మాత్రం చప్పట్లు కొట్టలేదు.

మర్నాడు పొద్దున మోటారు మంచం దిగబోయి బోర్లా పడబోయింది. ఆమె కాలు మంచం కోడుకు దారంతో కట్టేసి ఉంది. స్కూలు బ్యాగు బల్లకాలికి కట్టి ఉంది. బూట్లు, నీళ్ల సీసా, అమ్మ కూర్చునే స్టూలు, నాన్న గొడుగు, అన్నీ కిటికీ ఊచలకు వేలాడుతున్నాయి. మోటారు లెక్కపెట్టింది. మొత్తం పన్నెండు ముడులు.

"ఒరేయ్, ఏంట్రా ఇది?"

"నిన్ను గట్టిగా కట్టానక్కా. నువ్వు సన్నగా ఉంటావుగా, ముందు నిన్నే లాగేస్తుంది," అన్నాడు తమ్ముడు.

"ఏది లాగేస్తుంది?"

"బ్లాక్ హోల్. నిన్న నువ్వే చెప్పావుగా."

"మరి నిన్ను నువ్వు కట్టుకోలేదే?"

వాడు ఖాళీ రీలు చూపించాడు. "దారం అయిపోయింది."

మోటారు తన కాలి ముడి విప్పుకుంది. వాడు ఆ రోజు బడికి రానన్నాడు. పైకప్పు లేని చోట అడుగుపెట్టనన్నాడు. నాన్న బుజ్జగించినా, చాక్లెట్ ఇస్తానన్నా వాడు మెట్టు దిగలేదు.

అమ్మ స్టూలు ముడి విప్పుతూ అంతా విన్నది. నవ్వొచ్చినా ఆపుకుంది.

"పదిహేనేళ్లుగా వాక్యూమ్ క్లీనర్లు విప్పుతున్నాను. ఒక్కటీ దేన్నీ పీల్చడం నేను చూడలేదు," అంది.

"అదేంటమ్మా? నిన్న కాగితాలన్నీ పీల్చిందిగా."

"లోపలి ఫ్యాను గాలిని బయటికి నెడుతుంది. అప్పుడు లోపల గాలి తగ్గుతుంది. బయట ఉన్న గాలి అటు తోసుకొస్తూ దుమ్మునూ తోసుకొస్తుంది. పని చేసేదంతా బయటి గాలే. పేరు మాత్రం మిషన్‌కి."

బ్యాగు ముడి విప్పుతున్న మోటారు ఆగింది. "అంతరిక్షంలో గాలే లేదుగా. మరి అక్కడ ఎవరు తోస్తారు?"

"నేను భూమ్మీది రిపేర్లే చేస్తానమ్మా. అక్కడిది మీ టీచర్ని అడుగు," అంది అమ్మ.

ఆ రోజు బడిలో సైన్సు టీచర్ ఆ ప్రశ్న పూర్తిగా విని, "బ్లాక్ హోల్ పీలుస్తుందని నీకెవరు చెప్పారు?" అని అడిగారు.

"అందరూ అంటారు టీచర్."

"అందరికీ ఎవరు చెప్పారు?"

మోటారు క్లాసులో ఒక్కొక్కరినీ తలుచుకుంది. చివరికి తల దించుకుని, "నేనే టీచర్," అంది.

టీచర్ కోప్పడలేదు. ఒక టబ్బు మీద సాగే గుడ్డను బిగించి చుట్టూ క్లిప్పులు పెట్టారు. మధ్యలో ఇసుక నింపిన బంతిని ఉంచారు. గుడ్డ కిందికి వంగింది. అంచు దగ్గర ఒక గోలీని పక్కకు తోశారు. అది బంతి చుట్టూ తిరగసాగింది.

"బంతి గోలీని పీలుస్తోందా?"

"లేదు టీచర్. గుడ్డ వంగింది. గోలీ ఆ వంపు వెంట పోతోంది."

"బరువైన వస్తువు తన చుట్టూ ఉన్న చోటునీ, కాలాన్నీ కూడా వంచుతుంది. ఆ వంపునే మనం గురుత్వాకర్షణ అంటున్నాం. అయితే ఇది పోలిక మాత్రమే. గుడ్డకు రాసుకుని గోలీ ఆగిపోతుంది. అంతరిక్షంలో భూమికి అలా అడ్డుపడేది ఏమీ లేదు. పోలికను కొంతవరకే నమ్మాలి."

"నేను వాక్యూమ్ క్లీనర్ని పూర్తిగా నమ్మేశాను," అంది మోటారు.

టీచర్ బంతి తీసి చిన్న ఇనుప ముక్క చేతికిచ్చారు. "త్రాసులో తూచి చూడు."

రెండూ సమానంగా తూగాయి.

"ఇప్పుడు బంతి స్థానంలో దీన్ని పెడతాను. అంచున తిరిగే గోలీ ఏమవుతుంది? ముందు చెప్పు, తర్వాత చూద్దాం."

"లోపలికి పడిపోతుంది."

పడలేదు. గోలీ ఇంతకుముందులాగే అంచున తిరిగింది. మోటారు నాలుగుసార్లు చేసి చూసింది. ఇనుము పక్కన మాత్రం గుడ్డ నిట్టనిలువు గొయ్యిలా దిగింది. అక్కడ వదిలిన గోలీ మళ్లీ పైకి రాలేదు.

"అంటే మరీ దగ్గరికి పోతేనే ప్రమాదం. దూరంగా ఉన్నవాటికి తేడా ఏమీ లేదు," అంది మోటారు నెమ్మదిగా.

ఈ సంగతి విని స్నేహితురాలు మూతి ముడిచింది. "నీ టబ్బుకు ఎవరూ చప్పట్లు కొట్టరు. వాక్యూమ్ క్లీనరే పెట్టు. తప్పని ఎవరికి తెలుస్తుంది?"

"మా తమ్ముడికి దారం అయిపోయిందే," అంది మోటారు. స్నేహితురాలికి ఒక్క ముక్క అర్థం కాలేదు.

ఆ సాయంత్రం ఇంట్లో టబ్బు, గుడ్డ, గోలీ సిద్ధమయ్యాయి. మోటారు గోలీని తమ్ముడి చేతికే ఇచ్చింది. వాడు బంతి పెట్టి తోశాడు, ఇనుము పెట్టి తోశాడు, చాలాసేపు తోస్తూనే ఉన్నాడు. తర్వాత వెళ్లి నాన్న గొడుగు ముడి విప్పాడు. మిగిలిన ఒక్కో ముడీ విప్పుతూ దారాన్ని రీలుకు చుట్టాడు.

శుక్రవారం మోటారు బల్ల మీద నల్లపెట్టె లేదు. జనం బాగానే చేరారు. తమ్ముడు అందరికంటే ముందు నిలబడ్డాడు.

"ముందుగా ఒక మాట," అంది మోటారు. "బ్లాక్ హోల్ అన్నిటినీ పీల్చేస్తుందని మీలో చాలామందికి చెప్పింది నేనే. అది తప్పు."

వెనక నుంచి ఎవరో, "అయితే సూర్యుడు బ్లాక్ హోల్ అయిపోతే మనం ఏమవుతాం?" అని అడిగారు.

"సూర్యుడికి అంత బరువు లేదు. కాబట్టి ఎప్పటికీ అవడు. అయ్యాడనే అనుకుందాం. వెలుగుండదు, చలికి గడ్డకడతాం. కానీ లోపలికి మాత్రం పోం."

మోటారు బంతి తీసి ఇనుప ముక్క పెట్టింది. గోలీని తమ్ముడికి అందించింది. వాడు తోశాడు. అది అంచున తిరుగుతుండగా ఆమె మిగిలిన మాట చెప్పింది.

"సూర్యుడి చోట అంతే బరువున్న బ్లాక్ హోల్ ఉన్నా, భూమి ఇప్పుడు తిరిగే దారిలోనే ఏడాదికి ఒకసారి దాని చుట్టూ తిరుగుతుంది."