ఏడో నంబరు సంచి

"ఎనిమిదో గడి..." అని చదవబోయి మట్టి అక్క ఆగిపోయింది. రిపోర్టును కళ్ళకు దగ్గరగా పెట్టుకుని మళ్ళీ చూసింది.

"ఏమైందమ్మా?" అన్నారు మామ్మగారు.

"ఉండదగ్గ దానికి నలభై రెట్లు సీసం ఉందండీ."

వీధివాళ్ళంతా దగ్గరికి జరిగారు. పిల్లల్లో ముందు నిలబడ్డ చిటికె, నోట్లో బిస్కెట్టు నమలడం మానేసింది.

ఆ ఖాళీ స్థలం మామ్మగారిది. ఒకప్పుడు అక్కడ ఆవిడ భర్త పాత బ్యాటరీలు కరిగించే షెడ్డు నడిపేవారు. అది మూతబడి చాలా ఏళ్ళయింది. శుభ్రం చెయ్యమని ఎవరూ అడగలేదు. ఏ ఆఫీసు నుంచీ నోటీసు రాలేదు. "నేనుండగానే ఈ నేల బాగుచేసి, పిల్లలకు ఆటస్థలం చేసి ఇచ్చేస్తా" అని ఆవిడే అన్నారు. వీధి మొత్తం సాయానికి కదిలింది.

మట్టిని పరీక్ష చెయ్యడం ఉద్యోగం కాబట్టి, వచ్చినావిడ పిల్లలకు మట్టి అక్క అయిపోయింది. ఆమె స్థలాన్ని తాళ్ళతో పన్నెండు గళ్ళుగా విడదీసి, ఇంటికో గడి ఇచ్చింది. అందరికీ గ్లవ్స్, మాస్కులు. పెద్దవాళ్ళు తవ్వి సంచిలో మట్టి నింపాలి. పిల్లలు మూతి కట్టిన సంచిని గేటు దగ్గరి బల్ల మీద పెట్టాలి. అంతే పని.

"సీసం అంటే విషమా?" అన్నాడు చిటికె తమ్ముడు. వాడికి నాలుగేళ్ళు. ఇంట్లో ముద్దుపేరు బొద్దు.

"విషమే నాన్నా. ఈ మట్టిలో ఆడి వేళ్ళు నోట్లో పెట్టుకుంటే లోపలికి పోతుంది. నీ అంత పిల్లల మెదడుకు చాలా చెడు చేస్తుంది."

బొద్దు గబుక్కున నోట్లోంచి బొటనవేలు తీసేశాడు.

"ఒక్క మంచి మాట ఉంది. ఏడో గడి శుభ్రం! మిగతా చోట్ల మట్టి ఎత్తి పారెయ్యాలి గానీ, దీన్ని కదపక్కర్లేదు. చిన్నపిల్లలకి ఇసుక గుంట అక్కడే పెట్టుకోండి" అంది మట్టి అక్క.

"ఏడు మాదే!" అంటూ నాన్న బొద్దును పైకెత్తాడు.

"నా ఇసుక గుంట!" అని వాడు కేకలు పెట్టాడు.

చిటికె గేటు వైపు చూసి రెండడుగులు వెనక్కి వేసింది.

సంచులు నింపిన రోజు ఏడో గడి నిండా ముళ్ళపొదలు. నాన్న గంటసేపు తవ్వితే మోచేతులు గీరుకుపోయాయి. "మూతి గట్టిగా కట్టు" అన్నాడు. "చిటికెలో పెట్టేసి వస్తా!" అంటూ చిటికె కట్టకుండానే పరిగెత్తింది. ఏ పని చెప్పినా అదే మాట. అందుకే ఆ పేరు వచ్చింది.

ముందు ఎనిమిదో నంబరు సంచితో సోడాబుడ్డి వెళ్తున్నాడు. వాడిది దళసరి కళ్ళజోడు, చిటికె క్లాసే. వాణ్ణి దాటాలన్న తొందరలో చిటికె బోర్లాపడింది; వాడు వెనక్కి చూడకుండా వెళ్ళిపోయాడు. మట్టంతా ఒలికి దారి దుమ్ములో కలిసిపోయింది.

నాన్న చేతులు గుర్తొచ్చాయి. మళ్ళీ తవ్వమని ఎలా చెప్పడం? మట్టి మట్టే కదా అనుకుంది. గేటు పక్కన, మామ్మగారు పూలమొక్కల కోసం బయటి నుంచి తెప్పించిన మట్టి గుట్ట ఉంది. రెండు గుప్పిళ్ళు తీసి సంచిలో పోసేసింది.

ఇప్పుడు బొద్దు నాన్న భుజం మీద ఉన్నాడు. బొటనవేలు మళ్ళీ నోట్లోకి వెళ్ళిపోయింది.

"అక్కా..." అంది చిటికె. "ఆ సంచిలో ఉన్నది ఏడో గడి మట్టి కాదు."

"ఏంటే?" అన్నాడు నాన్న.

చిటికె అంతా చెప్పేసింది.

మట్టి అక్క రిపోర్టులో ఏడో గడి ఫలితాన్ని కొట్టేసింది. "అయ్యో, రేపో మాపో ఇసుక లారీకి చెప్పేదాన్నే!" అని మామ్మగారు గుండె మీద చెయ్యి వేసుకున్నారు.

"అందుకా నీ మోకాలు చీరుకుపోయింది! మెట్ల మీద పడ్డానన్నావుగా!" అన్నాడు సోడాబుడ్డి.

నాన్న తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"నా చేతులదేముందే, మందు రాస్తే తగ్గిపోయాయి. వీడికి గనక..." అని ఆగిపోయాడు.

ఆ సాయంత్రమే ఏడో గడిని మళ్ళీ తవ్వారు. పది రోజులకు రిపోర్టు వచ్చింది. ఈసారి మట్టి అక్క పైకి చదవలేదు. కాగితాన్ని మామ్మగారి చేతిలో పెట్టింది. పన్నెండు గళ్ళలోనూ ఏడోదే ఘోరం. ఎనిమిదో గడికి రెట్టింపు.

"కరిగించే బట్టీ ఇక్కడే ఉండేదేమో. ఆయన నన్నెప్పుడూ లోపలికి రానిచ్చేవారు కాదు" అన్నారు మామ్మగారు, కళ్ళు తుడుచుకుంటూ.

చిటికె ఇంటికి పరిగెత్తి బొద్దు చేతులు మూడుసార్లు సబ్బుతో కడిగింది. "నేనేం ముట్టుకోలేదే!" అని వాడు ఒకటే గోల.

తర్వాత టార్పాలిన్లు కప్పిన లారీలు చెడ్డ మట్టిని మోసుకుపోయాయి. గుంటల అడుగున ఇంకా సీసం మిగిలిందేమో చూడాలని మట్టి అక్క మళ్ళీ సంచులు పంచింది.

చిటికె ఈసారి సంచి మూతికి రెండు ముడులు వేసింది. రెండు చేతులతో పట్టుకుని అడుగులో అడుగు వేస్తూ నడిచింది.

"ఏంటే, నత్తకి అక్కవయ్యావా?" అంటూ సోడాబుడ్డి దాటిపోయాడు. చిటికె తలెత్తలేదు.

బల్ల ఇంకా నాలుగడుగులే ఉంది. కాలికి తాడు తగిలింది. సంచి జారిపడి అడుగున చిరిగింది. మట్టంతా నేలపాలు.

చుట్టూ చూసింది. ఎవరూ చూడలేదు. గేటు పక్కన మట్టి గుట్ట అలాగే ఉంది.

"నాన్నా!" అని వీధి చివరిదాకా వినబడేలా అరిచింది. "ఒలికిపోయింది! మళ్ళీ తవ్వాలి!"

గుంటలోంచి నాన్న తల పైకి వచ్చింది. "ఎంత ఒలికింది?"

"మొత్తం!"

నాన్న తల లోపలికి పోయి, గునపం చప్పుడు వినబడింది.

"రా అయితే. ఇంకో సంచి పట్రా."

ఒలికిన మట్టి ఎవరూ తొక్కకుండా చిటికె దాని మీద ఖాళీ బకెట్ బోర్లించింది. కొత్త సంచి మీద పెద్దగా ఏడు అంకె వేసి, గుంట వైపు నడిచింది. పరిగెత్తలేదు.