మూడో తీగ గాడి

"నిన్న మీరు శ్రుతి చేసిచ్చిన గిటారేనండీ ఇది. శ్రుతిలో లేదు."

ఆ మాటంటూ కళ్ళజోళ్ళబ్బాయి ఎలక్ట్రిక్ గిటారును బల్ల మీద పెట్టేసరికి ఆకురాయికి తిక్క రేగింది.

ఆకురాయి ఆమె అసలు పేరు కాదు. గిటార్లు రిపేరు చేసే పెదనాన్న దగ్గర పని నేర్చుకుని, ఇప్పుడు ఆయనకన్నా బాగా చేస్తోందని పేరు తెచ్చుకున్న పిల్ల. చేతిలో ఎప్పుడూ ఆకురాయే, నోట్లోనూ అదే పదును అని చుట్టాలందరూ కలిసి ఆ పేరు ఖాయం చేశారు. ఆ అబ్బాయేమో ఎదురు వరసలోని కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగిస్తాడు. సాయంత్రాలు ఒక బృందంలో గిటారు వాయిస్తాడు. ఏడాదిగా వారానికోసారైనా ఏదో ఒక వంకతో ఈ మెట్లెక్కుతున్నాడు. అవి వంకలేనని ఆకురాయి ఆశ. ఆ ఆశ సంగతి అతనికి చెప్పలేదు, అతనూ అడగలేదు.

ఆమె శ్రుతి మీటరు తగిలించి ఆరు తీగలూ మీటింది.

"చూడండి, సూది నడిమధ్యలో నిలబడింది. చెవులు శుభ్రం చేసుకుని రండి."

"నొక్కకుండా మీటితే బాగానే ఉన్నాయండీ. మూడో తీగని మొదటి ఫ్రెట్ దగ్గర నొక్కి చూడండి."

నొక్కింది. మెడ మీది మొదటి లోహపు మెట్టుకి తీగ ఆనగానే సూది కుడివైపుకు జరిగింది. ఆకురాయి ముఖం కాస్త చిన్నబోయింది.

"నాకూ తెలియలేదులెండి. మా పాటమ్మాయి పట్టుకుంది. తనవి పాముచెవులు."

ఆ 'మా' దగ్గర ఆమె చెయ్యి ఆగిపోయింది.

లోపలి గదిలోంచి పెదనాన్న కేకేశాడు. "ముందు గాడి ఎత్తు చూడమ్మా. తీగ ఎత్తులో కూర్చున్నా స్వరం పైకి పోతుంది."

సన్నటి రేకులు దూర్చి, మెడ మొదట్లో తీగలు కూర్చునే ఒక్కో గాడీ కొలిచింది. ఎత్తు సరిగ్గానే ఉంది.

"నట్ మార్చాలి," అంది.

"బోల్టు కూడానా?"

"హాస్యమా? ఇదిగో, తలకీ మెడకీ మధ్య తీగలు ఆనుకుని ఉన్నాయే, ఈ తెల్లముక్క పేరే నట్. దీని అంచు తిన్నగా ఉంటుంది. తీగని నొక్కితే సాగుతుంది, స్వరం పైకి పోతుంది. ఒక్కో తీగా ఒక్కోలా సాగుతుంది. కాంపెన్సేటెడ్ నట్ అని ఇంకోటుంది. దాని అంచు ఒక్కో తీగ కింద ఒక్కోలా, కొంచెం ముందుకి పొడుచుకొచ్చి ఉంటుంది. దాంతో తేడా సర్దుకుంటుంది."

"అంటే ఒక్కో కంటికి ఒక్కో పవర్ ఇచ్చినట్టు."

పోలిక సరిగ్గా కుదిరింది. కుదిరినందుకు ఇంకా ఒళ్ళు మండింది. "మంగళవారం రండి, చూసి ఎంచుకుందురుగాని," అని తల దించేసుకుంది.

మంగళవారం అతను ఒక్కడే రాలేదు.

పాటమ్మాయి పొడగరి. నవ్వితే గొంతులోనే ఏదో రాగం మొదలైనట్టుంటుంది. లోపలికి వస్తూనే దుకాణం చూడలేదు, గోడకి వేలాడుతున్న గిటార్లు చూడలేదు, ఆకురాయిని చూసింది. తల నుంచి కాలి దాకా తాపీగా చూసింది.

ఆకురాయి గుడ్డ పరిచి నాలుగు నట్లు వరసగా పెట్టింది. "ఇది మామూలు గిటారుది, పనికిరాదు. మీ మూడో తీగకి పైన సన్నటి తీగ చుట్టి ఉండదు, ఉత్తి తీగ. ఎక్కువ సాగేది అదే. ఇది వెడల్పు ఎక్కువ. ఇత్తడిది గట్టిగా మోగుతుంది. ఎముకది మెత్తగా పలుకుతుంది, కొలతా సరిపోతుంది."

"నువ్వేమంటావు?" అని అతను పాటమ్మాయిని అడిగాడు.

ఏడాదిగా తనకి 'మీరు'. ఆవిడకి 'నువ్వు'. ఆకురాయి ఇత్తడి నట్‌ని అవసరం లేకుండా తుడిచింది.

"ఎముకదే. నా గొంతుకి అదే బాగుంటుంది," అంది పాటమ్మాయి. అంటూ అతని చొక్కా కాలరు మీద దారప్పోగు తీసిపడేసింది. అక్కడ దారప్పోగు లేదు. ఆకురాయి కళ్ళు అర మిల్లీమీటరు తేడా పట్టేస్తాయి, ఆ మాత్రం కనిపించదా?

"శనివారం మధ్యాహ్నానికి ఇస్తాను," అంది.

శుక్రవారం పనికి కూర్చుంది. చిన్న చెక్కముక్క ఆనించి పాత నట్‌ని పక్కనుంచి మెల్లగా తట్టి ఊడదీసింది. ఆ చోట అంటుకున్న పాత జిగురు గీకి శుభ్రం చేసింది. కొత్తది కూర్చోబెట్టి ఒక్కో తీగ మందానికి తగిన ఆకురాయితో గాడి కొయ్యడం మొదలుపెట్టింది. ఆరో తీగ అయింది. ఐదోది, నాలుగోది అయ్యాయి. మూడో తీగ దగ్గరికొచ్చేసరికి 'నా గొంతుకి అదే బాగుంటుంది' అన్న మాట చెవిలో తిరిగింది. నీ గొంతు కోసమా నేను ఇంత కష్టపడుతున్నది?

గాడి చాలినంత అయింది. చెయ్యి ఆగాలి. ఆగలేదు. ఇంకో రెండు సార్లు లాగింది. మొదటిసారి పరధ్యానమేమో. రెండోసారి తెలిసే లాగింది.

తీగ మరీ కిందికి కూర్చుంది. మీటితే మొదటి ఫ్రెట్‌కి తగిలి జుయ్యిమంది. ఆ నట్ ఇక పనికిరాదు. ఒకటి పాడైతే ఇంకొకటి ఉంటుందని తెప్పించిన జోడు డ్రాయరులోనే ఉంది. ఆకురాయి డ్రాయరు తియ్యలేదు. మిగిలిన రెండు గాడులూ కోసి, జిగురు చుక్క పెట్టి గిటారు పక్కన పెట్టేసింది.

శనివారం అతను వచ్చాడు. బయట మబ్బు పట్టింది.

"వాయించి చూసుకోండి," అంది నేల చూపులు చూస్తూ.

"మీరు చేశాక మళ్ళీ చూడ్డమెందుకండీ?" గిటారు సంచిలో పెట్టేసుకున్నాడు. "సాయంత్రం ఆరింటికి హాల్లో కార్యక్రమం. మీరూ పెదనాన్నగారూ తప్పకుండా రావాలి."

అతను వెళ్ళాక భోజనానికి కూర్చుంది గానీ అన్నం కెలుకుతూ ఉండిపోయింది. పెదనాన్న చూసి చూసి అన్నాడు. "ఏమైంది?"

"చేతులారా పని పాడుచేసి ఇచ్చాను పెదనాన్నా."

ఆయన కంచంలోంచి తలెత్తలేదు. "మరి ఇంకా ఇక్కడ కూర్చున్నావేం?"

వాన మొదలైంది. రెండో నట్, పనిముట్ల సంచీ గొడుగు కింద పొదువుకుని రోడ్డు దాటేసరికి మోకాళ్ళ దాకా తడిసింది. కళ్ళజోళ్ళ దుకాణంలో అతను ఒక్కడే ఉన్నాడు. అప్పటికే గిటారు బయటికి తీసి ఒళ్ళో పెట్టుకుని మూడో తీగ మీటి వింటున్నాడు. జుయ్యిమంటోంది.

"సంచిలో పెట్టినప్పుడు ఎక్కడైనా తగిలించానేమోనండీ," అన్నాడు, తప్పు తనదైనట్టు.

ఆ మాటకి ఆకురాయి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "మీరు తగిలించలేదు. ఆ గాడి నేనే లోతుగా కోశాను. పొరపాటున కాదు."

అతను తీగ మీద అరచెయ్యి ఆనించి ఆ మోత ఆపాడు.

"ఇన్నాళ్ళూ ఆ చేతిని నమ్మానండీ," అన్నాడు. "ఎందుకు చేశారు?"

"మీ పాటమ్మాయి చెవుల కోసం నన్ను పని చెయ్యమన్నారు. నాకూ చెవులున్నాయి. మీరు ఆవిణ్ణి పిలిచే పిలుపు వినిపించింది. కళ్ళూ ఉన్నాయి. కుళ్ళు పుట్టింది. తప్పే. ఇంకో నట్ తెచ్చాను, ఇప్పుడే బిగించి పోతాను. తర్వాత మీరు వేరే రిపేరువాణ్ణి చూసుకున్నా నేనేమీ అనుకోను."

అతను లేచి బల్ల మీది ఫ్రేములు పక్కకి జరిపి చోటు చేశాడు. దీపం దగ్గరికి లాగాడు.

"పోయిన నెల తనే నన్నడిగింది, పెళ్ళి చేసుకుంటావా అని. కాదన్నాను. మనసులో ఇంకొకరున్నారని చెప్పాను. ఎవరో చూపించమని పట్టుబట్టింది. అందుకే మంగళవారం తీసుకొచ్చాను."

ఆకురాయి చేతిలో పనిముట్ల సంచీ అలాగే ఉండిపోయింది.

"చూసి ఏమంది?"

"'ఆ దారప్పోగు తీసినప్పుడు తను నన్ను చూసిన చూపుకి నీ ఆరు తీగలూ తెగాలి. భయం లేదు, నువ్వంటే ఇష్టమే' అంది."

"అంటే కావాలనే..."

"తనకీ బాధగానే ఉందండీ. కొంచెం మిమ్మల్ని ఏడిపించాలనుకుని ఉంటుంది."

"మరి నాకెందుకు చెప్పలేదు ఏడాదిగా?"

"మీ నోటికి భయపడి."

ఆమె నవ్వాపుకుంటూ పాడైన నట్ ఊడదీసింది. ఈసారి మూడో తీగ దగ్గర ఒక్కసారి గీసి ఆగడం, తీగ వేసి చూడడం, మళ్ళీ గీయడం. అతను అద్దాలు పరీక్షించే భూతద్దం పట్టుకుని ఆమె వేళ్ళ మీదికి వంగాడు. ఇద్దరి తలలూ రెండుసార్లు గుద్దుకున్నాయి. రెండోది ప్రమాదవశాత్తూ జరిగింది కాదు. మీటరు సూది మొదటి ఫ్రెట్ దగ్గరా, రెండో ఫ్రెట్ దగ్గరా నడిమధ్యనే నిలిచింది.

హాల్లో పాటమ్మాయి రెండు పాటలు పాడి, పక్కకొచ్చి ఆకురాయి ముందు నిలబడింది.

"శ్రుతి అతికినట్టు కుదిరింది," అంది. "ఇంత బాగా చేస్తావని నాకు కోపంగా ఉంది."

"నాకూ ఉంది. అంత బాగా పాడుతున్నావు," అంది ఆకురాయి. ఇద్దరూ నవ్వలేదు. కానీ పాటమ్మాయి వెళ్తూ వెళ్తూ ఆమె చెయ్యి నొక్కింది.

కార్యక్రమం అయ్యాక అతను తిన్నగా పెదనాన్న దగ్గరికి వెళ్ళాడు. మాట తడబడినా పెళ్ళి విషయం చెప్పేశాడు.

పెదనాన్న అంతా విన్నాడు. "చూడు బాబూ, కోపమొస్తే ఇది చేతిలో పని పాడుచేస్తుంది. సిగ్గేస్తే వానలో పరిగెత్తుకొచ్చి ముందుకన్నా బాగా చేస్తుంది. రెండూ ఒక్కరోజే చూశావు. ఇంకా కావాలంటావా?"

"కావాలండీ."

"అయితే నాకేం అభ్యంతరం లేదు."

"నన్నెవరూ అడగరేం?" అంది వెనకనుంచి ఆకురాయి.

ఇద్దరూ తిరిగి చూశారు. పెదనాన్న గొడుగు వెతుక్కునే నెపంతో రెండు కుర్చీల అవతలికి జరిగాడు. అతను గిటారు నేల మీద పెట్టి, దగ్గరికొచ్చి, ఆమెనే అడిగాడు.

ఏడాది ఆగిన ఆకురాయి, ఔనని చెప్పడానికి ఒక్క క్షణం కూడా ఆగలేదు.