నాలుగో తీగ

"నీ చెక్కే వంగతా ఉండాది," అన్నాడు సాదిక్.

"మా చెక్కా? ఉదయగిరిలో ఎవరినన్నా అడుగు. మా అబ్బా చేసిన చెక్క గరిటె వంగిందని ఒక్కరు చెప్పినా నేను గిటారు మానేస్తా!" అంది నజ్నీన్. "నీ ఇనుముకే లాగడం చేతకాలేదు."

ఆత్మకూరులో సాదిక్ వెల్డింగ్ షాపు. బయట వాన, లోపల ఈ గొడవ. కారణం మధ్యలో నాలుగు కాళ్ల మీద నిలబడి ఉంది. పెడల్ స్టీల్ గిటార్. బల్లలా ముందు పెట్టుకుని వాయిస్తారు. కాలితో పెడల్ తొక్కితే అడుగున ఉన్న కమ్మీలు తీగను లాగి స్వరం పెంచుతాయి. కొనే స్తోమత లేక ఇద్దరూ కలిసి చేసుకున్నారు. పెట్టె నజ్నీన్ తండ్రి హిదాయతుల్లా చెక్కింది. పెడళ్లు సాదిక్ పాత బైకుల నుంచి తీసినవి. వాయించేది నజ్నీన్.

మర్నాడే సురేంద్రబాబు ఆర్కెస్ట్రాలో టెస్ట్. శ్రుతి తప్పితే ఆయన కీబోర్డు పెట్టుకుంటాడు. టెస్ట్ పోతే ఇక ఉదయగిరి నుంచి ఆత్మకూరు బస్సెక్కొద్దని హిదాయతుల్లా తేల్చేశాడు. బస్సెక్కకపోతే ఈ షాపూ ఉండదు, ఈ గొడవా ఉండదు. ఆ మాట తల్చుకుంటేనే ఆమెకి ఏడుపొచ్చేలా ఉంది. అందుకే ఇంకా గట్టిగా అరుస్తోంది.

"సరే, తొక్కు. తీగ నేను మీటతా," అంది నజ్నీన్, ఫోన్‌లో శ్రుతి చూపించే ట్యూనర్ తెరిచి.

పెడల్ లాగే ఐదో తీగ స్వరం సరిగ్గా పైకెళ్లింది. ఎవరూ లాగని నాలుగో తీగ మాత్రం కిందికి జారింది. సాదిక్ కాలు తీయగానే మళ్లీ మామూలే.

ఈసారి ఆమె తొక్కింది. అతను కిందికి దూరి, పెట్టెకి స్టీల్ స్కేలు ఆనించి టార్చి వేశాడు. స్కేలుకీ చెక్కకీ మధ్య సన్నటి సందు కనిపించింది.

"చెక్క వంగింది. అందుకే నాలుగో తీగ వదులవతా ఉండాది," అన్నాడు మెల్లగా.

నజ్నీన్ కూడా వంగి చూసింది. "నీ పెడల్ రాడ్డు వంగలేదా? అది చూడవేం?"

నిజమే, అదీ వంగింది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వేశారు.

"లావు చెక్క వేస్తే బస్సులోకి ఎక్కదు," అన్నాడు సాదిక్. "నాలుగో తీగకి కూడా సన్న కమ్మీ కడతా. పెడల్ తొక్కినప్పుడు ఎంత జారతాదో అంతే పైకి లాగతాది. చివర స్క్రూ నువ్వు తిప్పు, నీ చెవి మంచిది."

"ఇంతసేపూ ఆ మాట చెప్పలేదేం?"

"చెప్తే గొడవ ఆగిపోతాది గదా."

నజ్నీన్ స్క్రూ తిప్పింది, మీటింది, మళ్లీ తిప్పింది. నాలుగో తీగ జారకుండా నిలబడేదాకా వదల్లేదు.

మర్నాడు టెస్ట్‌కి సాదిక్‌తో పాటు హిదాయతుల్లా కూడా వచ్చాడు. పెడల్ తొక్కిపట్టి నజ్నీన్ తీగలన్నీ కలిపి మీటింది. ఒక్కటీ తప్పలేదు.

"శ్రుతి బాగుండాది," అన్నాడు సురేంద్రబాబు. "కాని ఆడపిల్ల అందరి ముందు కాళ్లతో తొక్కడం బాగుండదు. కర్టెన్ వెనక కూర్చో."

"నాటకాల్లో హార్మోనియం కాలితో తొక్కుతారు గదా సార్. వాళ్లని వెనక కూర్చోబెట్టినారా?" అంది నజ్నీన్. "నేను ముందే కూర్చుంటా. లేకపోతే ఈ గిటారు ఇక్కడికి రాదు."

"ఇంత పొగరైతే ఎట్లమ్మా? సాదిక్, నువ్వు వాయించరాదూ?"

"నాకు నట్లు తిప్పడమే వచ్చు సార్. వచ్చినా వాయించను," అన్నాడు సాదిక్.

అందరూ హిదాయతుల్లా వైపు చూశారు. ఆయన పెట్టె అంచుని చేత్తో తుడిచాడు.

"వెనక పెడితే నా పనితనం ఎవరికి కనపడతాది? కుర్చీ ముందే వెయ్యండి."

సురేంద్రబాబు గొణుక్కుంటూనే కుర్చీ ముందుకి జరిపాడు.

బస్టాండులో గిటారు ఎక్కించాక హిదాయతుల్లా సాదిక్‌ని పిలిచాడు. "ఆదివారం మీ అమ్మను తీసుకుని ఉదయగిరి రా. కమ్మీల కోసం మా పిల్ల బస్సుల్లో తిరగడం ఎన్నాళ్లు?"

సాదిక్ గబగబా తలూపాడు.

"నన్ను అడగవా అబ్బా?" అంది నజ్నీన్.

"అడగతానే ఉండాను. చెప్పు."

"నాకిష్టమే. ఎప్పటినుంచో ఇష్టం." సాదిక్ వైపు తిరిగి వేలు చూపించింది. "కాని ముందే చెప్తున్నా. పెళ్లయినా నేను పెడల్ మీంచి కాలు తీయను."

"తీస్తే ఊరుకుంటానా?" అన్నాడు సాదిక్. "ఆ కమ్మీ ఎవరి కోసం కట్టినాననుకున్నావు?"