గేటు మాట

ఏడో నంబరు గేటు దగ్గర తగాదాలు మొదలై అప్పటికే పావుగంటయింది.

"మీ అక్క ఇంటికెళ్తే ఫేను కూడా వెయ్యదు. అలాటి అక్కకి నా పట్టుచీర ఇచ్చీసినావు!" అద్దాల గోడ పక్కన నిలబడిన లావుపాటి ఆవిడ మొగుడి మీద అరుస్తోంది.

"ఇంకా గట్టిగా అను. ఇల్లమ్మిన సంగతి కూడా తియ్యి" అని మొగుడే ఎగదోస్తున్నాడు, వంగి ఆమె మణికట్టు చూస్తూ. "నలభై రెండే చూపిస్తంది. నీకు కోపం రావట్లేదేటే?"

"నీ మొహం చూస్తే నవ్వొస్తంది. నానేటి సెయ్యను?"

నాలుగు కుర్చీల అవతల సుమంత్ కూర్చోలేక నిలబడ్డాడు, నిలబడలేక మళ్ళీ కూర్చున్నాడు. పక్కన భార్య ప్రవల్లిక వెనక్కి ఆనుకోకుండా, రెండు చేతులూ కుర్చీ అంచుమీద మోపి, నడుం మీద బరువు పడకుండా కూర్చుంది. ఆమె చేతి పట్టీ యాభై ఎనిమిది చూపిస్తోంది.

ఒకప్పుడు విమానంలో ముందు గది సీట్లు డబ్బున్నవాళ్ళవి, తరచూ తిరిగేవాళ్ళవి. మిగిలిపోయిన సీటు దొరకాలంటే గేటు దగ్గర అమ్మాయికి నవ్వు మొహం చూపించాలి, లేదా దొంగ డాక్టరు చీటీ చూపించాలి. అలజడి పట్టీ వచ్చాక ఆ బాధ తప్పింది. చేతికి కట్టుకున్న పట్టీ నాడి, చెమట, ఊపిరి, కండరాల బిగువు చూసి వందకి ఒక అంకె చెబుతుంది. తలుపులు తెరవడానికి ముందు ఎవరి అంకె ఎక్కువుంటే వాళ్ళకి, ఖాళీగా ఉన్న శయ్యాసనం ఉచితం. కాళ్ళు చాపుకుని పడుకోవచ్చు. బాధపడేవాళ్ళకే సుఖం దక్కాలని చేసిన ఏర్పాటు అది. అందరూ మెచ్చుకున్నారు.

మొదట్లో జనం మిరపకాయలు నమిలారు, గేటు దాకా పరిగెత్తారు, బిగుతు చెప్పులు వేసుకున్నారు. పట్టీ ఆ దొంగవేషాలన్నీ ఒక్కొక్కటిగా కనిపెట్టి కొట్టేసింది. కానీ మనసు కష్టపడితే ఒళ్ళు పడే బాధని మాత్రం నడుంనొప్పి నుంచి విడదీయలేకపోయింది. అది తెలిసిన రోజునుంచీ గేటు తగాదాలు మొదలయ్యాయి. మొగుడు పెళ్ళాన్ని, పెళ్ళాం మొగుణ్ణి, కూతుళ్ళు తల్లుల్ని ఏదో ఒకటి అంటారు. నటిస్తే పట్టీకి తెలిసిపోతుంది, అందుకని మాట నిజంగా తగలాలి. విమానం దిగాక ఎవరూ ఆ మాట తలుచుకోకూడదని ఒక ఒప్పందం దానంతటదే ఏర్పడింది. 'గేటు మాటలే' అని నవ్వేసుకుంటారు.

ఎదుటి బోర్డు మీద రాశారు: ఇవాళ ఖాళీ శయ్యాసనం ఒకటి. ఇప్పటికి పైనున్న అంకె డెబ్బై ఒకటి. గడువు పది నిమిషాలు.

విశాఖ నుంచి నైరోబి తొమ్మిది గంటలు. ప్రవల్లిక వెన్నులో రెండు పూసల మధ్య మెత్త జారింది. గంటకి మించి కూర్చోవద్దని డాక్టరు చెప్పాడు. అయినా బయల్దేరింది. నైరోబిలో ఉంటున్న వాళ్ళ అన్నయ్య అవినాష్, అమ్మ పోయిన దగ్గర్నుంచీ తొమ్మిదేళ్ళుగా ఆమెతో ముక్తసరిగా తప్ప మాట్లాడలేదు. పోయిన నెల తనే ఫోన్ చేసి, "పిల్ల పెళ్ళి వల్లీ. అమ్మ ఎలాగూ లేదు, నువ్వయినా రా" అన్నాడు. స్ట్రెచర్ మీదయినా వెళ్తానంది.

"వల్లీ, నీ సాంబారు నాకెప్పుడూ నచ్చలేదు" అన్నాడు సుమంత్.

"తెలుసు. గిన్నెలో వదిలేస్తావుగా." ఆమె నవ్వింది. అంకె యాభై ఏడుకి దిగింది.

"మీ పిన్ని నిన్ను ఎప్పుడూ తక్కువగానే చూసింది."

"పిన్ని అందర్నీ అలాగే చూస్తుంది. ఊరుకో సుమంత్, నీకు తిట్టడం కూడా చేతకాదు. ఎలాగో కూర్చుంటాలే."

ఆ మాట అంటూనే నొప్పికి పెదవి కొరుక్కుంది. దోవలో ఇది ఇంకెంత పెరుగుతుందో అతనికి తెలుసు. ఆ మెత్త ఇంకాస్త జారితే కాళ్ళు పట్టుతప్పుతాయని డాక్టరు అతన్ని పక్కకి పిలిచి మరీ చెప్పాడు.

ఆమెకి తగిలే మాట ఒకటుంది. వారం రోజులుగా అతనికి నిద్రలేకుండా చేస్తున్నదీ అదే. నైరోబిలో దిగిన గంటలోనే అవినాష్ నోట అది ఎలాగూ బయటికొస్తుంది. ఆమె సీటు కోసం చెబుతున్నాడా, తనే ముందు చెప్పుకోవాలని చెబుతున్నాడా అన్నది అతనికే తేలలేదు. బోర్డు మీద ఏడు నిమిషాలు మిగిలాయి.

"మన గృహప్రవేశం రోజు" అన్నాడు. "అవినాష్ నాకు రెండున్నరకే ఫోన్ చేశాడు."

ఆమె తలతిప్పి చూసింది.

"మీ అమ్మకి బాగాలేదు, వెంటనే పంపమన్నాడు. నువ్వు పొద్దున మూడింటి నుంచీ వంటలో ఉండి అప్పుడే చాపమీద నడుం వాల్చావు. సాయంత్రం మా ఆఫీసువాళ్ళు భోజనానికొస్తున్నారు. వాళ్ళు వెళ్ళాక చెబుదామనుకున్నాను. ఇప్పుడే పంపిస్తున్నానని వాడితో అన్నాను."

"ఆరింటికి అమ్మ పోయింది" అంది ప్రవల్లిక నెమ్మదిగా. "బొబ్బిలి రెండున్నర గంటల దారే."

"అవును."

"నేను పడుకున్నప్పుడు నా ఫోను ఆఫ్‌లో ఉందని, అన్నయ్య మధ్యాహ్నం నుంచీ చేసి చేసి ఆరు దాటాకే నీకు చేశాడని చెప్పావు."

"అలా చెప్పాను."

"ఇది గేటు మాటా, నిజమా?"

తప్పించుకునే దారి ఆమే చూపించింది. గేటు మాటేనంటే చాలు, దిగాక ఇద్దరూ నవ్వుకోవచ్చు, అవినాష్ ఎదురయ్యేదాకానైనా.

"నిజం."

అతను ఆమె మణికట్టు వైపు చూశాడు. ఎనభై దాటుతుందనుకున్నాడు. యాభై ఎనిమిది యాభై అయింది. నలభై అయింది. పట్టీ పాడైందేమోనని వేలితో తట్టాడు. ఇరవై ఆరు. పందొమ్మిది.

"అంటే నా నిద్రవల్ల కాదన్నమాట" అంది ఆమె. ఆమె భుజాలు కిందికి దిగాయి. వాటిని ఇన్నాళ్ళూ పైకెత్తి పట్టుకుని ఉందని అతనికి అప్పుడే కనిపించింది.

ఆ రోజు తరవాత ఆమె మధ్యాహ్నం పూట ఏనాడూ పడుకోలేదు. భోజనాలయ్యాక వంటింటి బల్ల దగ్గర కుర్చీలో నిటారుగా కూర్చుని చిక్కుడుకాయలు ఒలిచేది, ఏదీ లేకపోతే చిరగని బట్టలు కూడా కుట్టేది. ఎదురుగా ఫోను పెట్టుకునేది. ఇన్నేళ్ళలో మధ్యాహ్నం కాసేపు నడుం వాల్చే అలవాటే లేదా అమ్మా అని డాక్టరడిగితే, నిద్ర రాదండీ అంది. పక్కనే కూర్చున్న సుమంత్ కూడా నిద్ర రాదనే నమ్మాడు. నమ్మడం సులువుగా ఉండేది.

"వల్లీ, ఏదైనా అను. తిట్టు."

"దిగాక మాట్లాడుకుందాం."

ఆ మూడు అక్షరాల 'దిగాక'లో ఏముందో అతనికి అంతుపట్టలేదు. కోపమైతే బాగుండును. ఆమె మొహంలో కోపం లేదు, అతనికోసం ఏమీ లేదు. గేటు తలుపు దగ్గర గంట మోగింది.

"అభినందనలు సుమంత్ గారూ! తొంభై మూడు. మీకు శయ్యాసనం."

అతను తన చేతిని చూసుకున్నాడు. అప్పటిదాకా దాన్ని పట్టించుకోనేలేదు.

"నాకొద్దమ్మా. ఆవిడకివ్వండి. ఆవిడకే వెన్నునొప్పి."

"కుదరదు సార్. ఒకరి సీటు ఇంకొకరికి ఇస్తే జనం బయట అమ్ముకుంటున్నారు. గడువు దాటింది, మీరు వద్దంటే ఖాళీగా వెళ్తుందంతే." గేటు అమ్మాయి ప్రవల్లిక పట్టీ చూసి నవ్వింది. "మేడమ్ చాలా హాయిగా ఉన్నారు కూడా."

లావుపాటి ఆవిడ దగ్గరికొచ్చింది. "ఏటన్నావు బాబూ? అంత పని చేసిన మాటేటో మాకూ సెప్పు. వచ్చేటప్పుడు పనికొస్తాది."

సుమంత్ ప్రవల్లిక వైపు తిరిగాడు.

"వెళ్ళి పడుకో" అంది ప్రవల్లిక, తన సంచీ తనే తీసుకుని.

శయ్యాసనం దూదిలా ఉంది. విమానం పైకెక్కగానే పరుచుకుని అతని వీపుని మెత్తగా పిసకసాగింది. కాసేపటికి తలదగ్గర ఒక గొంతు, "మీ అలజడి తగ్గలేదు. గోరువెచ్చని పాలు తెమ్మంటారా?" అంది. అక్కర్లేదన్నాడు. దీపాల రంగు మార్చింది. వాన చప్పుడు వినిపించింది. పిసికే జోరు పెంచింది. అతను అటు తిరిగాడు, ఇటు తిరిగాడు. ఎటు తిరిగినా ఆ గొంతు, "ఇప్పుడెలా ఉంది?" అని అడుగుతూనే ఉంది.

రెండు గంటలయ్యాక ఉండబట్టలేక లేచి, తెర తొలగించుకుని వెనక్కి నడిచాడు.

ముప్ఫై నాలుగో వరస. మధ్య సీటు. అటు లావుపాటి ఆవిడ, ఇటు ఆవిడ మొగుడు. ఆవిడ తన శాలువా మడతపెట్టి ప్రవల్లిక నడుం వెనక దోపింది. సుమంత్‌ని చూసి పెదవుల మీద వేలుంచుకుంది.

"ఎక్కగానే పడుకుండిపోయింది" అంది గుసగుసగా. "పసిపిల్లలాగ. లేపీకు బాబూ."

ప్రవల్లిక తల ఒక పక్కకి వాలి ఉంది. నోరు కొద్దిగా తెరుచుకుంది. పట్టీ మీద అంకె పదకొండు. ఒళ్ళో ఫోను బోర్లా పడి ఉంది, ఆఫ్ చేసి.

సుమంత్ గడియారం చూసుకున్నాడు. అందులో ఇంకా విశాఖ టైమే ఉంది. రెండున్నర.

వెనకనుంచి ఎయిర్‌హోస్టెస్ వచ్చింది. "సార్, మీరు ముందు గదిలో ఉండాలి. ఇక్కడ నిలబడకూడదు." తరవాత సీటు వైపు వంగి చూసి, "అయ్యో, ఆవిడ మెడ పట్టేస్తుందేమో. లేపి సరిగా కూర్చోమంటాను" అంది.

"వద్దమ్మా, పడుకోనీండి" అన్నాడు సుమంత్, ఆమెకి అడ్డంగా చెయ్యి పెట్టి. "చాలా ఏళ్ళయింది."

అతని మణికట్టు మీద తొంభై మూడు ఎర్రగా వెలుగుతూనే ఉంది. దిగడానికింకా ఆరు గంటల పైనే ఉంది.